నాలుగో గడిలో రాసింది

దెయ్యాలూ భూతాలూ నేను నమ్మను. మా పిన్ని ఒకావిడ కొబ్బరితోటలో తెల్లచీర కనిపించిందని మంచం పడితే, మర్నాడు పొద్దున్నే వెళ్ళి అది మట్టకు తగులుకున్న ఎరువు సంచి అని పట్టుకొచ్చి చూపించిన దాన్ని. మా స్కూల్లో పాత ల్యాబ్ గదిలో ఏదో తిరుగుతోందని పిల్లలు గోల చేస్తే, వాళ్ళనే అందులో కూర్చోబెట్టి పద్యాలు అప్పజెప్పించుకున్నాను. ఇప్పుడు చెప్పబోయేదాంట్లో కూడా దెయ్యం లేదు. ఉంటే బాగుండేది. తప్పు దాని మీదకు నెట్టేసి హాయిగా ఉండేదాన్ని.

నాది ముక్తేశ్వరం వైపు. తెలుగు టీచర్ని. నాలుగేళ్ళ కిందట బదిలీ మీద రాజోలు దగ్గరి ఒక ఊరికి వచ్చాను. అంతకుముందు ఆ ఊళ్ళో నాకు ఒక్క మనిషి కూడా తెలియదు. చుట్టాలు లేరు, మా ఇంట్లోవాళ్ళు ఎవరూ ఆ ఊరి గడప తొక్కినవాళ్ళు కాదు. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానో తర్వాత మీకే తెలుస్తుంది.

నేను కథలు రాస్తాను. వారపత్రికల్లో ఓ ఇరవై దాకా వచ్చాయి. మీ కథల్లో మనుషులు వచ్చి ఎదురుగా కూర్చున్నట్టుంటారని చదివినవాళ్ళు అంటూంటే పైకి వద్దంటూనే లోపల పొంగిపోయేదాన్ని. ఒకసారి అమలాపురంలో కొత్తగా రాసేవాళ్ళకు తరగతులు పెట్టి, పాత్రల గురించి చెప్పమని నన్ను పిలిచారు. నా పద్ధతి బోర్డు మీద గీసి మరీ చెప్పాను.

పద్ధతి పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. ఒక్కో పాత్రకు నోట్‌బుక్‌లో ఒక పేజీ. పేజీని నాలుగు గడులు చేస్తాను. మొదటి గడిలో ఆ మనిషి నడక. రెండో దాంట్లో మాట తీరు. మూడో దాంట్లో చేతులు ఊరికే ఉన్నప్పుడు ఏం చేస్తాయన్నది. నాలుగో గడిలో, ఆ మనిషి ఎవరికీ చెప్పకుండా దాచుకున్న సంగతి ఒకటి. అది కథలోకి వచ్చినా రాకపోయినా నాకు తెలిసి ఉండాలి. అప్పుడే ఆ పాత్ర కాఫీ గ్లాసు పట్టుకున్నా నిజం మనిషి పట్టుకున్నట్టుంటుంది.

మొదటి మూడూ చూసినవాళ్ళ దగ్గర ఎత్తుకొస్తాను. నాలుగోది మాత్రం సొంతంగా పుట్టిస్తాను. నిజం మనుషుల రహస్యాలు రాయకూడదన్నది నా నియమం. చూసింది దొంగిలించండి, దాచింది పుట్టించండి అని ఆ రోజు తరగతిలో చెబితే అందరూ గబగబా రాసుకున్నారు. ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే తల ఎత్తుకోలేకపోతున్నాను.

నేను ఎక్కువగా దొంగిలించింది ఎక్కడో కూడా చెప్పాలి. మాది క్రైస్తవ కుటుంబం. ఆ కొత్త ఊళ్ళో మా చర్చి సంఘంలో ఆదివారం సాయంత్రం ఒక్కో వారం ఒక్కో ఇంట్లో స్త్రీల కూటం జరుగుతుంది. ప్రార్థన మొదలవగానే అందరూ కళ్ళు మూసుకుంటారు. నేను తెరుస్తాను. మనిషి కళ్ళు మూసుకుని దేవుడితో మాట్లాడుతున్నప్పుడు ముఖం ఏదీ దాచుకోదు. ఎవరి పెదవి వణుకుతోంది, ఎవరు కొంగు నలుపుతున్నారు, ఎవరు ఆమేన్ అనడం మర్చిపోయారు, అన్నీ చూసి ఇంటికెళ్ళి నోట్‌బుక్‌లో రాసుకునేదాన్ని. అది తప్పని అప్పుడు నాకు అనిపించలేదు. ఏకాగ్రత అనుకున్నాను.

అక్కడే రూతమ్మ గారిని చూశాను. డెబ్బై దాటిన మనిషి. రిటైరైన నర్సు. పెళ్ళి చేసుకోలేదు. ఆవిడ నడుస్తుంటే ఎడమ చెయ్యి ఒంటికి కాస్త ఎడంగా ఉంటుంది. ముప్పై ఏళ్ళు టీకా మందుల పెట్టె మోసిన చెయ్యి అది. ఏం అడిగినా ముందు "మంచిదమ్మా" అని, ఓ క్షణం ఆగి, తర్వాత జవాబు చెబుతారు. ఇక చేతులు. ఆవిడ చేతిలో ఏ కాగితం పడినా, కరపత్రమైనా కరెంటు బిల్లైనా, దాన్ని మూడు మడతలు పెట్టి మడత మీద బొటనవేలి గోరుతో గీస్తారు. మూడు గడులు నిండిపోయాయి.

నాలుగోది ఒక ఆదివారం మధ్యాహ్నం రాశాను. మా ఆయన నిద్రపోతున్నారు. నేను భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాను. కాగితాన్ని అలా మడిచే మనిషికి ఉత్తరాలతో ఏదో సంబంధం ఉండాలి అనుకున్నాను. అంతవరకు నాకు తెలిసి చేసిన ఆలోచనే.

తర్వాత రాసింది ఇది. ఈమె పక్కింటి ముసలామెకు ఉత్తరాలు చదివిపెడుతుంది. ముసలామె కూతురు చిన్నపిల్లను తల్లి దగ్గర వదిలి పనికోసం మస్కట్ వెళ్ళింది. మొదటి ఏడాది తర్వాత ఉత్తరాలు ఆగిపోయాయి. ఆ మాట చెప్పలేక ఈమె క్యాలెండర్ కాగితం మూడు మడతలు పెట్టుకొచ్చి, లేని ఉత్తరం ఉన్నట్టు చదివేది. ముసలామె పోయేదాకా అలాగే చదివింది. మనవరాలు కూడా పక్కన కూర్చుని వినేది.

మా ప్రాంతంలో ఆడవాళ్ళు గల్ఫ్ వెళ్ళని వీధి ఉండదు కాబట్టి ఇందులో వింతేమీ లేదు. కానీ ఆ పేజీ ఇప్పటికీ నా దగ్గర ఉంది. నేను ఏ వాక్యమైనా నాలుగైదుసార్లు కొట్టేసి రాసే రకం. ఆ గడిలో మాత్రం ఒక్క కొట్టివేత లేదు. ఆ దొంగ ఉత్తరంలోని మాటలు కూడా అక్కడే ఉన్నాయి. "ఇక్కడి ఇంటావిడ కూతురికి జడేస్తంటే నా చెయ్యి ఎడమపక్కకే లాగేస్తందమ్మా. రెండు సుడుల తల కదా మన బుజ్జిది, ఆ అలవాటు పోలేదు. దానికి నూనె మాత్రం తక్కువ రాయి, వేసంగిలో కురుపులొస్తాయి."

నర్సును బండారులంకలో మగ్గం నేసే మనిషిని చేశాను. పేరు వీరలక్ష్మి అని పెట్టాను. కథ అచ్చయింది. చివర్లో ముసలామె పోయాక వీరలక్ష్మి ఆ క్యాలెండర్ కాగితాలను పొయ్యిలో పెడుతుంది.

మా స్కూల్లో లెక్కల టీచరు కరుణ. ముప్పై అయిదేళ్ళుంటాయి. రూతమ్మ గారి పక్కిల్లే. ఆవిడను పెద్దమ్మా అని పిలుస్తుంది. తల్లి చిన్నప్పుడే పోయిందనీ అమ్మమ్మ పెంచిందనీ తెలుసు. అంతకు మించి నేను అడగలేదు, ఆ అమ్మాయి చెప్పలేదు. ఒకరి విషయాలు తవ్వే మనిషి కాదు, తనవి చెప్పుకునే మనిషీ కాదు.

ఆ పత్రికను కరుణ చేతికిచ్చింది నేనే. పెద్దమ్మను గుర్తుపడుతుందేమో చూద్దామని సరదా. గుర్తుపట్టకపోతే నేను మార్చిన తీరు బాగున్నట్టు, గుర్తుపడితే నేను చూసిన తీరు బాగున్నట్టు. ఎటుపోయినా మెప్పు నాకే.

మూడో పీరియడు. స్టాఫ్‌రూంలో ఇద్దరమే ఉన్నాం. నేను కాంపోజిషన్లు దిద్దుతున్నట్టు నటిస్తూ ఓరగా చూస్తున్నాను. మొదట్లో నవ్వింది. పెద్దమ్మను గుర్తుపట్టింది అనుకున్నాను. తర్వాత ఒకచోట ఆగింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివింది.

"మేడమ్, ఈ జడ మాట మీకెవరు చెప్పేరండి?"

"ఎవరూ చెప్పలేదమ్మా. నేనే పుట్టించాను" అన్నాను, నవ్వుతూ.

ఆ అమ్మాయి లేచి నా దగ్గరకు వచ్చింది. ఎప్పుడూ బిగించి ముడి వేసుకుంటుంది. ఆ ముడి విప్పి, తల వంచి, జుట్టు పాయ తీసి చూపించింది. నడినెత్తి మీద రెండు సుడులు.

"మా అమ్మ ఉత్తరంలో మాటండి ఇది. నాకు ఎనిమిదేళ్ళప్పుడు పెద్దమ్మ చదివేరు. ఇరవయ్యేళ్ళ పైనుంచి రోజూ తలదువ్వుకుంటా అనుకుంటానండి ఈ మాట. నేనెవరికీ చెప్పలేదు."

అప్పటికి కరుణ కథ చివరిదాకా చదవలేదు. క్యాలెండర్ కాగితం మడతలు ముందే వచ్చినా, ఉత్తరాలు అబద్ధమన్న సంగతి చివరి పేజీలోనే తేలుతుంది. నేను ఆ పత్రిక లాక్కోవాల్సింది. కనీసం, ఇక చదవకమ్మా అనాల్సింది. అనలేదు. ఆ క్షణంలో నాకు కలిగింది గర్వం. ఎంత బాగా రాశాను, నిజం కూడా నా కథలా ఉంది అనిపించింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది కానీ రాయకపోతే మిగతాదంతా రాసి ప్రయోజనం లేదు.

ఆ అమ్మాయి వెళ్ళి కూర్చుని మిగతాది చదివింది. పత్రిక మూసింది. బెల్ కొట్టారు. సుద్దముక్క తీసుకుని తొమ్మిదో తరగతికి వెళ్ళింది. పక్క క్లాసులో నేను పాఠం చెప్పలేక నిలబడితే, గోడ అవతల నుంచి ఆమె లెక్క వివరిస్తున్న గొంతు మామూలుగానే వినపడింది.

సాయంత్రం స్కూలు వదిలాక "నాతో ఒక్కసారి రండి మేడమ్" అంది. వెళ్ళాను.

రూతమ్మ గారు వసారాలో కూర్చుని కరివేపాకు దూస్తున్నారు. కంటి శుక్లాలకు ఆపరేషన్ అయిన కొత్త. చదవకూడదన్నారు. కరుణ ఆవిడ పక్కన కూర్చుని ఏమీ చెప్పకుండా కథ చదవడం మొదలుపెట్టింది. ఆవిడ వింటూ నావైపు చూసి నవ్వారు కూడా. వీరలక్ష్మి క్యాలెండర్ కాగితం మడిచే చోటికి రాగానే ఆవిడ చేతిలో కరివేపాకు ఆగిపోయింది.

కరుణ జడ వాక్యం చదివింది. తర్వాత ఆగింది. అప్పుడు రూతమ్మ గారు చాలా మెల్లగా అన్నారు.

"దానికి నూనె మాత్రం తక్కువ రాయి. వేసంగిలో కురుపులొస్తాయి."

కరుణ ఇంకా ఆ ముక్క పైకి చదవలేదు. చిన్నప్పుడు విన్నదాంట్లో ఆ వాక్యం తనకు గుర్తు కూడా లేదని తర్వాత నాతో చెప్పింది. పత్రికలో అక్షరం పొల్లుపోకుండా అదే ఉంది. వసారాలో ఎండ ఉంది, ఎదురింట్లో టీవీ మోగుతోంది, నేను మాత్రం కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

"ఎవరు చెప్పేరమ్మా నీకు?" అని ఆవిడ నన్ను అడిగారు. "నేను ఈ లోకంలో ఎవరికీ చెప్పలేదు. ప్రార్థనలో కూడా నోరు విప్పి అనలేదు."

"నేనే ఊహించి రాశానండి" అన్నాను. ఆ మాట అబద్ధంలా నా చెవులకే వినపడింది.

"మంచిదమ్మా" అన్నారు.

ఆవిడ లోపలికి వెళ్ళి ఒక పాత టీకాల రిజిస్టరు తెచ్చారు. అందులో క్యాలెండర్ కాగితాలు, మూడు మడతలవి, ఓ పాతిక ఉంటాయి. కథలో వీరలక్ష్మి కాల్చేస్తుంది. ఈవిడ కాల్చలేదు. నేను తప్పు రాసింది అదొక్కటే. కరుణ ఒక్కొక్కటీ విప్పి చూసింది. ఒక పక్క తేదీలు, రెండో పక్క ఖాళీ.

"అయితే మా అమ్మ అక్కడ జొరమొచ్చి పోయిందన్నది?"

"అదీ నేనే అన్నానమ్మా. మీ అమ్మమ్మ పోయేరు. నువ్వు హాస్టలుకి వెళ్ళిపోతన్నావు. అక్కడ కూర్చుని ఉత్తరం కోసం ఎదురుచూస్తావేమోనని..."

"అంటే మా అమ్మ ఉందో లేదో కూడా తెలీదా పెద్దమ్మా?"

"తెలీదమ్మా. ఏజెంటుని అడిగేను, వెళ్ళొచ్చినోళ్ళందర్నీ అడిగేను. ఎవరూ చెప్పలేకపోయేరు."

కరుణ ఏడవలేదు. ఆ కాగితాలన్నీ ఉన్న మడతలోనే మడిచి రిజిస్టర్లో పెట్టి ఆవిడ ఒళ్ళో ఉంచింది. నాకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆ ఇంట్లో నాకు మర్యాద చేస్తుంటే చచ్చిపోవాలనిపించింది.

ఇది ఎలా జరిగి ఉంటుందో నేను చెయ్యగలిగిన విచారణ అంతా చేశాను. ఎప్పుడో ప్రార్థనలో విని మర్చిపోయి ఉంటావని మా ఆయన అన్నారు. రూతమ్మ గారు ప్రార్థనలో ఎప్పుడూ అనలేదు. పోనీ కరుణ ఎప్పుడైనా అందేమో అనుకుంటే, ఆమెకు తెలిసింది జడ మాట ఒక్కటే. నూనె మాట, క్యాలెండర్ కాగితం ఆమెకే తెలియదు. ఆ అమ్మమ్మ కాలం నాటివాళ్ళు ఊళ్ళో ఇంకా నలుగురున్నారు. కథలు పోగుచేస్తున్నానని చెప్పి అడిగాను. కూతురు ఉత్తరాలు రాసేదనే అందరూ చెప్పారు. రెండు సుడులు కరుణ తల మీద చూసి ఉంటానా అంటే, ముడి లేకుండా ఆ అమ్మాయిని ఆ రోజుకు ముందు నేను చూడలేదు. కాగితం మడతల నుంచి ఉత్తరాల దాకా నా ఊహ వెళ్ళింది, ఒప్పుకుంటాను. అక్కడి నుంచి ఆ రెండు మాటల దాకా ఎలా వెళ్ళిందో నాకు తెలియదు.

వీరలక్ష్మి పాత్ర సజీవంగా ఉందని పత్రికకు ఉత్తరాలు వచ్చాయి. ఎడిటర్ గారు ఫోన్ చేసి, ఇలాంటి మనిషిని ఎక్కడ పట్టారండీ అని అడిగారు. కల్పనేనండి అన్నాను.

రూతమ్మ గారు కూటానికి రావడం మానేశారు. క్షమించమని అడగడానికి ఒక రోజు వెళ్ళాను. "నువ్వేం చేసేవమ్మా, నేను చేసిన పనే నువ్వూ చేసేవు. నేను ఇద్దరికే చదివేను, నువ్వు అచ్చు వేయించేవు" అన్నారు. కోపంతో అనలేదు. అందుకే మరీ బాధగా ఉంది. కరుణ రోజూ వెళ్ళి ఆవిడకు బీపీ మాత్రలిస్తుంది, కూర పంపిస్తుంది. మాట్లాడదు. ఆ ఇద్దరి మధ్య ముప్పై ఏళ్ళుగా నడిచిన కబుర్లు నా వల్ల ఆగిపోయాయి.

సమాధుల పండక్కి కరుణ ఏటా అమ్మమ్మ సమాధి మీద కొవ్వొత్తులు పెట్టి, పక్కన అమ్మ పేరు మీద ఒకటి వెలిగించేదట. ఈసారి నేను దూరం నుంచి చూశాను. చేతిలో ఒక కొవ్వొత్తి మిగిలిపోయింది. వెలిగించాలో వద్దో తెలియక అటూ ఇటూ చూసి, చివరికి చేతిసంచిలో వేసుకుంది. నేను ప్రాణం పోసినవాళ్ళ సంగతేమో గానీ, ఆ అమ్మాయికి తల్లి చావు కూడా లేకుండా చేశాను.

ఆ వారంలోనే కరుణ స్టాఫ్‌రూంలో నా పక్కన కూర్చుంది. "మేడమ్, మా అమ్మకి ఒక పేజీ రాయరా?" అంది. నాకు మొదట అర్థం కాలేదు. "మీరు అంత కరెక్టుగా రాసేరు కదండి. ఆ తర్వాతది కూడా మీకు తెలుస్తుందేమో. మా అమ్మ ఏమైందో రాయండి."

అలా కుదరదమ్మా అన్నాను. అదేదో కాకతాళీయం అన్నాను. ఆ అమ్మాయి వాదించలేదు. మర్నాడు వాళ్ళమ్మ పాస్‌పోర్టు ఫొటో తెచ్చి నా డెస్కులో పెట్టింది. వాళ్ళమ్మ ఎలా నడిచేదో, ఏ మాట ఎక్కువ అనేదో, చేతులు ఊరికే ఉంటే ఏం చేసేదో, అమ్మమ్మ చెప్పగా విన్నవి ఒక తెల్లకాగితం మీద రాసి తెచ్చింది. లెక్కల టీచరు కదా, వరస నంబర్లు వేసింది. ఇరవై మూడున్నాయి.

రెండు నెలలు ఆ కాగితం ముట్టుకోలేదు. మొన్నొక ఆదివారం మా ఆయన పడుకున్నాక నోట్‌బుక్ తీశాను. ఫొటో ఎదురుగా పెట్టుకున్నాను. పేజీ గీసి మూడు గడులు నింపాను. నాలుగో దాంట్లో పెన్ను పెట్టగానే రెండు వాక్యాలు వచ్చాయి. ఒక్క కొట్టివేత లేదు. పుస్తకం మూసేసి బీరువాలో పెట్టాను. ఇప్పటిదాకా మళ్ళీ తెరవలేదు.

సోమవారం కరుణ అడిగింది. ఏమీ రాలేదమ్మా అన్నాను.

"ఆయ్, పర్లేదండి. తొందరేం లేదు మేడమ్" అంది.

ఆ వాక్యాలు నిజమో నా పైత్యమో నాకు తెలియదు. తెలుసుకునే దారి కూడా లేదు. అవి ఎక్కడి నుంచి వస్తున్నాయో ఎన్నిసార్లు ఆలోచించినా అంతుపట్టడం లేదు. అనుమతి లేకుండా ఒకరి బతుకులోకి దూరి చూసినట్టుంది, అది మాత్రం తెలుస్తోంది. పేర్లన్నీ మార్చి ఇది రాస్తున్నాను. మార్చినా ఆ అమ్మాయి గుర్తుపడుతుంది. ఎదురుగా చెప్పే ధైర్యం లేకే ఇలా రాశాను.

ఏమీ రాలేదన్నది అబద్ధమమ్మా. వచ్చింది. నువ్వు అడిగితే బీరువా తీస్తాను. అడగాలో వద్దో నువ్వే ఆలోచించుకో.